78 వేల సబ్సిడీ కోసం 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలా?

ప్రశ్న: మేం చెన్నై మడిపాక్కంలో ఉంటాం. మామగారు 1998లో కట్టించిన ఇల్లు. కింద అద్దెకిచ్చి పైన మేం ఉంటున్నాం. నేను, మావారు, అత్తగారు, ఇంటర్ రెండో ఏడు చదివే అబ్బాయి. నిరుడు వేసవిలో ఈబీ (కరెంటు బోర్డు) బిల్లు రెండుసార్లు 8 వేలు దాటింది, ఒక్కోసారి 1,100 యూనిట్ల దాకా. మిగతా నాలుగు బిల్లులూ 550 యూనిట్ల దగ్గర, 2,500 లోపు వస్తున్నాయి. బ్యాంకులో 3 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. మావారు 78 వేల సబ్సిడీ వస్తుందని 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామంటున్నారు. కంపెనీవాళ్లు 2 లక్షల 10 వేలు చెప్పారు. అబ్బాయేమో పద్నాలుగేళ్ల పాత ఏసీ మార్చేద్దామంటాడు. డాబా మీద చలువ పెయింటుకు 32 వేలు, టైల్స్‌కైతే లక్షా 20 వేలు అడుగుతున్నారు. జూన్‌లో అబ్బాయి కాలేజీకి 90 వేలు కట్టాలి. కరెంటు కనెక్షన్ ఇంకా మామగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి ఆరేళ్లయింది. ఏది ముందు చేయాలి? ఏసీకి, డాబాకు ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా? సంక్రాంతికి మా ఆడబిడ్డ నెల్లూరు నుంచి వస్తోంది. అప్పటికి అందరం కలిసి ఒక మాట అనుకుందామని రాస్తున్నాను.

జవాబు: ముందు మీ బిల్లు సంగతి చూద్దాం. సలహా అందులోంచే వస్తుంది.

తమిళనాడులో రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా ధర పెరుగుతుంది. 600 దాటాక యూనిట్‌కు దాదాపు తొమ్మిదిన్నర, 800 దాటాక పదిన్నర, వెయ్యి దాటాక పదకొండున్నర పైన పడుతుంది. అంటే మీ 1,100 యూనిట్లలో మొదటి వందకు మీరు పైసా కట్టలేదు, చివరి వందకు మాత్రం 1,150 దాకా కట్టారు. ఆదా చేసే ప్రతి యూనిట్ పైమెట్టు మీద నుంచే తగ్గుతుంది. అందుకే వాడకం మూడో వంతు తగ్గితే బిల్లు సగం తగ్గుతుంది.

మీరు గమనించాల్సిన గీత ఇంకొకటుంది, 500 దగ్గర. వాడకం ఆ గీత లోపల ఉంటే 101 నుంచి 200 దాకా యూనిట్లు సగం ధరకే వస్తాయి. ఒక్క యూనిట్ దాటినా ఆ రాయితీ మొత్తం పోతుంది. మీ మామూలు బిల్లులు నాలుగూ 550 దగ్గరున్నాయన్నారు కదా. ఏటా నాలుగుసార్లు ఈ గీతను యాభై యూనిట్ల తేడాతో దాటుతున్నారన్నమాట. వేసవి బిల్లు పెద్దది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. నాకు మాత్రం మీ ఉత్తరంలో ముందు కనబడింది ఈ 550.

కాబట్టి మొదటి ఖర్చు సోలారూ కాదు, ఏసీ కూడా కాదు. ఫ్యాన్లు. పాత ఫ్యాన్ ఒక్కోటీ 75 వాట్ల దాకా తింటుంది. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. ఎక్కువగా తిరిగే నాలుగు ఫ్యాన్లు మార్చి, రోజుకు 12 గంటలు తిరుగుతాయనుకుంటే రెండు నెలలకు 130 యూనిట్లు తగ్గుతాయి. 550 కాస్తా 420 అవుతుంది, ఆ పోయిన రాయితీ తిరిగొస్తుంది. బిల్లు 2,460 నుంచి 1,300కు దిగుతుంది. వేసవి బిల్లులో అవే 130 యూనిట్లు దాదాపు 1,450 రూపాయలు. చలికాలంలో ఫ్యాన్లు తక్కువ తిరుగుతాయని కొంత తీసేసినా ఏడాదికి 6 వేలు ఎక్కడికీ పోవు. ఖర్చు ఫ్యాన్‌కు 3 వేల చొప్పున 12 వేలు. రెండేళ్లలో పెట్టిన సొమ్ము చేతికొస్తుంది. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, తగ్గిన బిల్లుకు ఏ పన్నూ లేదు. డిపాజిట్ నుంచి కదిపిన డబ్బుకు ఇంతకంటే మంచి రాబడి నేను చూపించలేను.

ఇంత లాభముంటే అందరూ ఎందుకు చేయరని మీకు అనిపించవచ్చు. నా దగ్గరికొచ్చే కుటుంబాలన్నిటిలోనూ ఇదే చూస్తున్నాను. ఈబీ కార్డు మీద ఒకటే అంకె ఉంటుంది. అందులో ఫ్యాన్ ఎంత, ఫ్రిజ్ ఎంత, ఏసీ ఎంత అని ఎవరూ చెప్పరు. పైగా ఖర్చేమో ఒక్కసారే చేతి నుంచి పోతుంది, ఆదా మాత్రం చుక్కలు చుక్కలుగా వస్తుంది. తిరుగుతున్న ఫ్యాన్ తీసి కొత్తది పెట్టడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు. మీ అత్తగారు కూడా అభ్యంతరం చెప్పవచ్చు. ఆమె గదిలో ఫ్యాన్ మాత్రం చివరికి ఉంచండి. మార్చిన వాటి శబ్దం, గాలి చూశాక ఆమే అడుగుతారు.

ఇక డాబా. మీరుండేది పై అంతస్తు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అంటారు మనవాళ్లు, ఇక్కడ దాని ముందు అగ్ని నక్షత్రం అనే మే నెల మండుటెండల రోజులు కూడా ఉన్నాయి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదయ్యాక కూడా గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది. మీ పాత ఏసీ రాత్రి మనిషి వేడితో కాదు, ఈ శ్లాబుతో పోరాడుతోంది. చెన్నైలో అద్దెకున్న రోజుల్లో మా అమ్మ ఏటా మార్చి చివర ఇంటి ఓనర్‌ను అడిగి మరీ మొట్టమాడి (డాబా) మీద సున్నం కొట్టించేది. ఏసీ లేని ఇల్లు అది. ఆ వేసవి రాత్రుల తేడా నాకిప్పటికీ గుర్తుంది.

లక్షా 20 వేల టైల్స్ వద్దు. పాత శ్లాబు మీద అంత బరువు, అంత ఖర్చు మీకు అక్కర్లేదు. 32 వేల పెయింటు పర్వాలేదు కానీ దానికి ముందు రెండు పనులు చేయించండి. శ్లాబులో చెమ్మ, పగుళ్లు ఉన్నాయేమో మేస్త్రీకి చూపించండి. పెయింటు డబ్బా మీద ఎండను ఎంత శాతం తిప్పికొడుతుందో, వారంటీ ఎన్నేళ్లో రాసి ఉందా చూడండి. ఈ ఖర్చుకు ఫ్యాన్లంత రాబడి రాదని ముందే చెబుతున్నాను. ఏసీ రాత్రికి గంట, గంటన్నర తక్కువ తిరిగితే రెండు నెలలకు వంద యూనిట్ల దాకా తగ్గుతాయి. వేసవి బిల్లుకు వెయ్యి రూపాయలనుకోండి. మిగతాది మీ అందరి నిద్ర. నేనైతే ఆ డబ్బు పెడతాను. అంత పెట్టలేమనుకుంటే ఈ ఏడాదికి సున్నం చాలు.

ప్రభుత్వ సాయం గురించి అడిగారు. మీలాంటి పాత ఇంటి డాబాకు చలువ పూత వేయించుకుంటే కేంద్రం చేతికిచ్చే సబ్సిడీ లేదు, పాత ఏసీ మార్చినా లేదు. పైకప్పు నుంచి, గోడల నుంచి ఇంట్లోకి ఎంత వేడి రావచ్చో హద్దు పెడుతూ 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చారు కానీ అది కొత్తగా కట్టే ఇళ్ల కోసం. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది, అది ఆ రాష్ట్రానికి. మిగిలినవి ధరలోనో సమాచారంలోనో కలిసిపోయి వచ్చే సాయాలు. 2015లో మొదలైన ఉజాలా పథకం ఎల్‌ఈడీ బల్బును మామూలు ఇంటికి అందే ధరకు దించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, సోలార్ పరికరాల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కంపెనీవాళ్లు మీకు చెప్పిన ధర ఆ తగ్గింపు తర్వాతదేనా అడగండి. నా మనసులో మాట చెప్పాలంటే, కరెంటు తయారు చేసుకోవడానికి ఇంత సాయం చేస్తున్న ప్రభుత్వం కరెంటు అవసరం తగ్గించుకునే ఇంటికి కూడా అందులో కొంత ఇవ్వాలి. డాబాకు సున్నం కొట్టుకునే కుటుంబానికి సోలార్ పెట్టుకునే స్తోమత ఉండకపోవచ్చు, వేడి మాత్రం అందరికీ ఒకటే.

చేతికొచ్చే సాయం ఉన్నది సోలార్‌కే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. మీవారు చెప్పే 78 వేలు అలా వచ్చిందే. అయితే సబ్సిడీ ఎంతొస్తుందన్నది కాకుండా, మూడో కిలోవాట్ మీకేం చేస్తుందో చూడండి.

చెన్నై ఎండకు కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వేసుకుందాం. 2 కిలోవాట్లయితే రెండు నెలలకు 480. ఫ్యాన్లు, డాబా అయ్యాక మీ వేసవి వాడకం 870, మిగతా కాలంలో 420 అనుకుంటే, 2 కిలోవాట్లతోనే మామూలు బిల్లులు దాదాపు సున్నాకు వస్తాయి, వేసవి బిల్లు 5,500 నుంచి 1,100 అవుతుంది. ఏడాదికి సుమారు 14 వేలు ఆదా. 2 కిలోవాట్లకు లక్షన్నర అవుతుందనుకుంటే సబ్సిడీ 60 వేలు పోను మీ ఖర్చు 90 వేలు, ఆరున్నర ఏళ్లలో తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు మరో 60 వేలు పెడితే సబ్సిడీ పోను మీది 42 వేలు. దాని వల్ల అదనంగా తగ్గేది రెండు వేసవి బిల్లుల్లో వెయ్యి చొప్పున, ఏడాదికి 2 వేలు. చలికాలంలో మిగిలి గ్రిడ్‌కు (ఈబీ లైన్లలోకి) వెళ్లే యూనిట్లకు చివర్లో వచ్చేది కొద్దే. 18 వేల కోసం 42 వేలు పెట్టి ఇరవై ఏళ్లు ఎదురుచూడాలి. ఇవాళున్న వాడకం మీద లెక్క వేస్తే 3 కిలోవాట్లు బాగానే కనిపిస్తుంది, మీవారి తప్పేం లేదు. వాడకం తగ్గాక కొలత తీయించాలి, అంతే. రేపు ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

సబ్సిడీ ముందు రాదు. ప్యానళ్లు బిగించి, ఈబీవాళ్లు తనిఖీ చేసి నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునూ, తిరిగి పంపిన కరెంటునూ లెక్కపెట్టేది) పెట్టాక మీ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం మీరే సర్దాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీ 3 లక్షల్లో ఫీజు 90 వేలు వేరే తీసిపెట్టండి, లక్షన్నర అత్యవసరాలకు కదపకండి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. మిగిలిన 60 వేలలో ఫ్యాన్లు, డాబా అయిపోతాయి. సోలార్‌కు ఈ పథకం కింద తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకులు ఇచ్చే అప్పు తీసుకోండి. సబ్సిడీ రాగానే ఆ 60 వేలూ అప్పులో కట్టేయండి. 90 వేలు పదేళ్లకు వాయిదా నెలకు వెయ్యి దగ్గర వస్తుంది, తగ్గిన బిల్లులోంచే అది తీరుతుంది. మన దేశంలో తయారైన ప్యానళ్లకే సబ్సిడీ వర్తిస్తుంది, కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను ఈ ఊరిని ఏం చేసిందో చూశాం కాబట్టి స్టాండు పునాది, గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే పూత) విషయంలో బేరమాడకండి. డాబాకు పెయింటు వేశాకే ప్యానళ్లు ఎక్కించాలి. అత్తగారు వడియాలు పెట్టుకునే చోటు ఎటుందో కూడా కంపెనీ మనిషికి ముందే చూపించండి.

ఏసీని ఈ ఏడాది మార్చకండి. డాబా చల్లబడ్డాక దాని పని ఎలా ఉందో ఒక వేసవి చూద్దాం. సర్వీసు చేయించి 25, 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. మార్చే రోజున స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకుండా లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చూడండి. ఆ అంకె 1,600 గంటల వాడకానికి వేసింది. స్టార్ల కొలమానాన్ని కొన్నేళ్లకోసారి కఠినం చేస్తుంటారు కాబట్టి లేబుల్ ఏ ఏడాదిదో కూడా ముఖ్యమే.

కింది వాటా గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సిందే. అక్కడ ఫ్యాన్లు మీవి, బిల్లు వాళ్లది. అందుకే మీరూ మార్చరు, వాళ్లూ మార్చరు. అగ్రిమెంట్ తిరగరాసేటప్పుడు మూడు కొత్త ఫ్యాన్లు పెట్టించి అద్దె వంద పెంచుతామని చెప్పండి. వాళ్ల వాడకం 500 యూనిట్ల లోపు ఉన్నా బిల్లు నెలకు 200 దాకా తగ్గుతుంది. రాయడానికి చిన్నదే అయినా అద్దెకున్నవాళ్లకు అది నిజమైన సాయం.

ఇన్నిటికంటే ముందు, రూపాయి పెద్దగా ఖర్చు కాని పని ఒకటుంది. కనెక్షన్ పేరు మార్చడం. మామగారి పేరు మీద ఉన్నంతకాలం సూర్య ఘర్ దరఖాస్తు, అప్పు, సబ్సిడీ పడే ఖాతా అన్నీ అక్కడే ఆగుతాయి. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం దాకానే ఉంది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే వారసుల సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసుల సమ్మతి కావాల్సి వస్తాయి. వారసుల సర్టిఫికెట్ ఇప్పటిదాకా తీసుకోకపోతే రేపే దరఖాస్తు పెట్టండి, సమయం పట్టేది దానికే. సమ్మతి పత్రం మీద అత్తగారూ, ఆడబిడ్డగారూ సంతకం చేయాలి. ఇది కనెక్షన్ పేరు మార్చడానికే తప్ప ఇంటిలో ఆడబిడ్డగారి వాటా వదులుకోవడానికి కాదని ఆ కాగితంలోనే స్పష్టంగా రాయించి, చదివి వినిపించండి. సంక్రాంతికి ఆమె వచ్చేలోపు ఆ పత్రం టైపు చేయించి సిద్ధంగా ఉంచుకోండి.