గేటు బ్లాస్టింగుకు ఏ గ్రిట్ కొనాలి: మా తమ్ముడి కొడుక్కి ఉత్తరం

చిన్నా,

నిన్న నీతో మాట్లాడి ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. తాతయ్య పెట్టించిన గేటు, నాలుగు కిటికీ గ్రిల్స్, ఆ పాత స్కూటర్, అన్నిటికీ నువ్వే బ్లాస్టింగు చేసి, అంటే కంప్రెసర్ గాలితో గ్రిట్ అనే గరుకు రేణువులు కొట్టి, తుప్పు వదిలించి రంగు వేస్తానంటే ఎంతో సంతోషం వేసింది. కానీ "మేడ కట్టగా మిగిలిన ఇసుక పెరట్లోనే ఉంది పెదనాన్నా, జల్లించి అదే కొట్టేస్తా" అన్నావు చూడు, అప్పుడు నా గుండె జారింది. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఇసుక వద్దు నాన్నా. జల్లించినా వద్దు, కడిగి ఆరబెట్టినా వద్దు, ఒక్క గంట పనే అయినా వద్దు.

ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా. కుప్పగా పడి ఉన్నంతసేపు దానివల్ల భయం లేదు. గాలి గొట్టం చివరనుండే నాజిల్‌లోంచి దూసుకెళ్లి ఇనుముకు తగిలినప్పుడు ఒక్కో రేణువూ పగిలి, కంటికి ఆనని ధూళి అవుతుంది. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న ధూళి ముక్కులోనో గొంతులోనో ఆగదు. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. వచ్చాక నయం చేసే మందు లేదు, పైగా క్షయ కూడా తొందరగా పట్టుకుంటుంది. బ్రిటన్ 1949లోనే బ్లాస్టింగులో ఇసుక వాడకూడదని నిబంధనలు తెచ్చింది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 1974లో ఇసుకను మాన్పించాలని సిఫారసు చేసింది. మన దేశంలో కూడా చట్టప్రకారం ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో సిలికోసిస్ ఉంది.

చట్టాల సంగతి అలా ఉంచు. నేను గాజువాకలో పనిలో చేరిన కొత్తల్లో మా యార్డులో ఎండబెట్టిన ఇసుకే కొట్టేవాళ్లం, ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని. నా గదిలోనే ఉండే ఒకతను నాకంటే రెండేళ్లు పెద్ద. మా గది మేడ మీద. ముప్పై ఎనిమిదో ఏట అతను ఆ మెట్లు ఎక్కుతూ నాలుగు మెట్లకొకసారి ఆగేవాడు. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి మోకాలి మీద. ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. పై మెట్టు చేరాక మాట రావడానికి చాలాసేపు పట్టేది. ఆ ఊపిరి చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నీకు ఆ గతి పట్టకూడదు.

సరే, ఇసుక కాకపోతే ఏం కొనాలి? తక్కువ ఖర్చులో దొరికేది కాపర్ స్లాగ్. రాగి తీసే కొలిమిలో మిగిలిన చిట్టెం అది. నల్లగా, గాజుపెంకుల్లా మెరుస్తూ, పదునుగా ఉంటుంది. ఓడల యార్డుల్లో, ట్యాంకుల పనుల్లో ఎక్కువగా వాడేది ఇదే. అందులో స్వేచ్ఛా సిలికా, అంటే విడిగా ఉండే స్ఫటిక సిలికా, 1 శాతం కంటే తక్కువ ఉండాలి. కొనేచోట టెస్ట్ సర్టిఫికెట్ అడుగు, ఇవ్వకపోతే ఇంకో చోటికి వెళ్లు. సిలికా లేదని మాస్కు తీసెయ్యకు. ఈ చిట్టెంలో కొద్ది కొద్దిగా సీసం, ఆర్సెనిక్, బెరీలియం లాంటివి ఉంటాయి.

రెండోది గార్నెట్ అనే ఖనిజం. భీమిలి బీచ్‌లో అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద నల్ల చారల పక్కన ఎర్ర చారలు చూశావా? నలుపు ఇల్మెనైట్ అనే ఇంకో ఖనిజం, ఎరుపు గార్నెట్. అయితే అక్కడి నుంచి బస్తాలో ఎత్తుకొద్దామనుకోకు. అందులో క్వార్ట్జ్ కలిసే ఉంటుంది, ఉప్పు ఉంటుంది, తవ్వి తేవడం నేరం కూడా. ఉప్పు ఒక్క రవ్వ ఇనుము మీద మిగిలినా ఏడాది తిరక్కుండా రంగు కింద నుంచి పొక్కులు లేస్తాయి. శుద్ధి చేసిన గార్నెట్టే కొనాలి.

బస్తా ధర చూస్తే గార్నెట్ ఖరీదుగా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. స్లాగ్ ఒక దెబ్బకే చాలావరకు పొడైపోతుంది, రెండోసారి వాడితే పని తక్కువ, దుమ్ము ఎక్కువ. గార్నెట్ గట్టిది, బరువైనది. ఏరి జల్లిస్తే మూడు నాలుగు సార్లు తిరిగి వాడుకోవచ్చు. కాబట్టి దాని ధర మూడు రెట్లున్నా, నాలుగుసార్లు వాడగలిగితే నీకు అదే చౌక. ఏరుకోలేకపోతే మాత్రం డబ్బు మట్టిలో పోసినట్టే. అందుకే ముందు నువ్వు అడగాల్సింది ధర కాదు, పడ్డ గ్రిట్‌ను మళ్లీ ఎత్తుకోగలనా అని. గేటు కదపలేనిది, ఆరుబయట పని. దానికి స్లాగ్ చాలు. గ్రిల్స్ ఊడదీసి పెద్ద డ్రమ్ములోనో, ప్లైవుడ్ పెట్టెలోనో పెట్టి కొడితే కింద పడ్డదంతా దక్కుతుంది. వాటికి గార్నెట్ తీసుకో.

బాగా తుప్పెక్కిన ఇనుముకు చదరపు మీటరుకు 30 కిలోల స్లాగైనా తినేస్తుంది. గేటు ఊచల మధ్య ఖాళీల్లోంచి సగం గ్రిట్ అవతలికి పోతుంది కూడా. వెనక ఒక పాత రేకు నిలబెట్టు, దానికి తగిలి కింద టార్పాలిన్ మీద పడుతుంది. ఊడ్చి ఎత్తేయడానికైనా అది కావాలి. పాత గేటు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ గ్రిట్‌ను మొక్కల మొదట్లోనో బావి పక్కనో పోయకు, సంచుల్లో కట్టి పెట్టు. ఆ రోజు పాపను అమ్మమ్మ ఇంట్లో దింపేసి రా. పని బట్టలు విడిగా ఉతకాలి.

డబ్బు కలిసొచ్చే దారి ఒకటి చెప్తా. ఆటోనగర్లలో వాటర్‌జెట్ కటింగ్, అంటే నీటి ధారతో లోహం కోసే పని, చేసే షాపులు ఉంటాయి. వాళ్లు 80 మెష్ (మెష్ అంటే జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలో ఆ లెక్క) గార్నెట్ వాడి, అడుగున పేరుకున్న బురద బయట పారేస్తారు. అడిగితే చాలా తక్కువకే ఇస్తారు. రెండు మూడు నీళ్లు కడిగి, ఎండలో పలుచగా ఆరబోసి, సన్నటి జల్లెడ పట్టి పొడి పోగొట్టాలి. కొంచెం మెత్తబడి ఉంటుంది కాబట్టి మందపాటి తుప్పుకు చాలదు, కానీ గ్రిల్స్ పూల డిజైన్ల సందుల్లో బాగా పనిచేస్తుంది.

ఇక నీ కంప్రెసర్. 2 హెచ్‌పి అన్నావు. దాని నుంచి మహా అయితే 7, 8 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి వస్తుంది. 3 మిల్లీమీటర్ల నాజిల్‌కు 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర 17 సీఎఫ్ఎం దాకా కావాలి. అంటే నిమిషం కొట్టి నిమిషానికి పైగా కూర్చోవాలి. నీ కంప్రెసర్‌తో 2 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి గ్రిల్స్ నెమ్మదిగా చేసుకో. దానికి 30/60 మెష్ గార్నెట్, అంటే 30 జల్లెడలోంచి దిగి 60 జల్లెడ మీద ఆగేది, తీసుకో. నాజిల్ రంధ్రం రేణువుకు కనీసం మూడు రెట్లుండాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. ముతక స్లాగ్ దాంట్లో పోదు. గేటు పనికి మాత్రం ఒక్క రోజుకు 5 హెచ్‌పి కంప్రెసర్ అద్దెకు తెచ్చుకో. అది కూడా మధ్యమధ్య ఆగుతుంది, కానీ పని సాగుతుంది.

గ్రిట్ పొయ్యకముందు ఉత్త గాలి వదిలి, ఒక నిమిషం తెల్ల గుడ్డ అడ్డం పెట్టు. గుడ్డ మీద తడో నూనె మరకో కనిపిస్తే గాలిలోని తడిని పట్టే వాటర్ ట్రాప్ సరిగా లేనట్టే. తర్వాత గ్లాసు నీళ్లలో గుప్పెడు గ్రిట్ వేసి కలుపు. నీళ్ల మీద నూనె తెట్టు తేలితే ఆ బస్తా వెనక్కి ఇచ్చెయ్. నీళ్లు బాగా మట్టిగా మారినా అంతే.

స్కూటర్ బాడీ రేకుకు వీటిలో ఏదీ వాడకు. పలుచని రేకు దెబ్బలకు వంకర తిరిగిపోతుంది, మళ్లీ సరిచేయలేవు. పెయింట్ రిమూవర్ రాసి చేత్తో గీకు. రిమ్ములు మాత్రం గార్నెట్‌తో చేసుకో. అల్యూమినియం ఇంజన్ మూతకు గాజు పూసల గ్రిట్ బాగుంటుంది. ఆ పూసలు సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి కాబట్టి ఆయిల్ రంధ్రాలన్నీ ముందే మూసెయ్. వంట సోడాతో కూడా కొడతారని వీడియోల్లో చూసుంటావు. రంగు పోతుంది కానీ తుప్పు పోదు, బాగా కడగకపోతే కొత్త రంగు పట్టదు.

మాస్కు విషయంలో పైసా కూడా పొదుపు చేయకు. గుడ్డ మాస్కు, ఎన్95 ఈ పనికి సరిపోవు. గేటు రోజున గాలి గొట్టమున్న హుడ్ అద్దెకు దొరుకుతుంది, దానికి శుభ్రమైన గాలి విడిగా రావాలి, నీ కంప్రెసర్ నూనె గాలి పెట్టకూడదు. డ్రమ్ములో చేసే పనికి సన్నటి ధూళిని ఆపే పీ100 రకం ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు, గడ్డం లేకుండా, ముఖానికి అంటుకునేలా పెట్టుకో. పెట్టె నుంచి దుమ్ము లాగే వాక్యూమ్ కూడా ఉండాలి. అవి అమరకపోతే పని వాయిదా వెయ్.

బ్లాస్ట్ చేసిన ఇనుము తెల్లగా, బూడిదరంగులో మెరుస్తుంది. మన తీరప్రాంతపు తేమకు కొన్ని గంటల్లోనే దాని మీద పసుపు రంగు తుప్పు తిరుగుతుంది. అందుకే ముందు రోజే ప్రైమర్ డబ్బా కొని పెట్టుకుని, పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా మొదటి కోటు వేసెయ్. చేత్తో ముట్టుకోకు, చెమట మరక దగ్గర ప్రైమర్ పట్టదు.

నీ కంప్రెసర్ పక్కనుండే ప్లేటు ఫొటో, గేటు ఫొటో రెండూ పంపు. ఎన్ని బస్తాలు కావాలో లెక్కవేసి చెప్తాను. గేటు చేసే రోజు నేనూ వస్తాను. నా జల్లెడలు ఇంకా అటక మీదే ఉన్నాయి, తీసుకొస్తాను. ఆలోపు పెరట్లో ఉన్న ఇసుక ఆ గోడ ప్లాస్టరింగు పనికి వాడేసుకోమని మేస్త్రీకి చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న