యాత్రల అత్తయ్య జవాబులు: కాంగ్డా కొండల్లో అమ్మవార్లు

పోయిన నెల హిమాచల్ ప్రదేశ్‌లోని జ్వాలాముఖి అమ్మవారి గుడి గురించి నాలుగు ముక్కలు రాశాను. అప్పటి నుంచి ఉత్తరాలే ఉత్తరాలు. అన్నిటికీ ఒకేసారి జవాబు రాయలేను కాబట్టి ఈసారికి ఇవి.

అత్తయ్యగారూ, మా అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. హిమాచల్‌లో ఐదుగురు అమ్మవార్లను చూడాలని ఆవిడ కోరిక. రెండు రోజుల్లో ఐదు గుళ్లూ చూపిస్తామని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. వెళ్లమంటారా?
*ఒక కోడలు, నిడదవోలు*

వెళ్లు తల్లీ. రెండు రోజుల్లో మాత్రం వద్దు. ఆ తప్పు నేను 2011లో చేశాను.

అప్పుడు మేం ఒక బస్సు నిండా జనం. తెల్లారకుండా నైనాదేవి, మధ్యాహ్నం దాటాక చింతపూర్ణి, రాత్రికి జ్వాలాముఖి. మర్నాడు కాంగ్డా వ్రజేశ్వరి, చాముండ. ప్రతి గుడి దగ్గరా గైడు "నలభై నిమిషాలు, నలభై నిమిషాలు" అని ఒకటే అరుపు. ఇంటికొచ్చాక మా ఆయన "ఎలా ఉన్నారు ఐదుగురూ?" అని అడిగారు. నోట మాట రాలేదు. నాకు గుర్తున్నవల్లా చెప్పుల స్టాండు టోకెన్లు. ఇత్తడి బిళ్ల ఏ గుడిదో, అట్టముక్క ఏ గుడిదో అదీ తెలీదు.

2019 జనవరిలో మా వదినతో మళ్లీ వెళ్లాను. ఆవిడకీ మీ అత్తగారి వయసే, అవే మోకాళ్లు. ఈసారి కారు మాట్లాడుకుని ఐదు రాత్రులు ఉన్నాం. మీకూ అదే చెబుతాను.

ముందు లెక్క చూడండి. ఐదింటిలో నైనాదేవి బిలాస్‌పూర్ జిల్లా, చింతపూర్ణి ఊనా జిల్లా, మిగతా మూడూ కాంగ్డా జిల్లా. చింతపూర్ణి నుంచి జ్వాలాముఖి సుమారు 35 కిలోమీటర్లు, అక్కడి నుంచి కాంగ్డా మళ్లీ అంతే, కాంగ్డా నుంచి చాముండ ఇంకా తక్కువ. నైనాదేవి ఒక్కటే దూరం, చింతపూర్ణి నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది. అందుకని ఏదో ఒకటి వదలాల్సి వస్తే నైనాదేవిని వదలండి. ఐదూ పూర్తవకపోతే ఫలం దక్కదని బస్సులో ఎవరో ఒకరు అంటారు. ఆ అన్నావిడే చాముండ దగ్గర బస్సు దిగకుండా నిద్రపోయింది, నేను చూశాను.

అత్తగారు ఐదూ కావాల్సిందేనంటే ఢిల్లీలో వందే భారత్ ఎక్కి ఆనంద్‌పూర్ సాహిబ్‌లో దిగండి. అక్కడి నుంచి నైనాదేవి దగ్గర. కొండమీదికి రోప్‌వే ఉంది కాబట్టి మోకాళ్లకి పెద్ద పనిలేదు. పైనుంచి చూస్తే భాక్రా డ్యామ్ నీళ్లు, గోవింద్ సాగర్, కొండల మధ్య పచ్చగా పరుచుకుని కనిపిస్తాయి. నైనాదేవి వద్దనుకుంటే అదే రైల్లో చివరిదాకా, అంబ్ అందౌరా వరకూ వెళ్లి చింతపూర్ణికి కారు ఎక్కొచ్చు.

జ్వాలాముఖిలో మాత్రం తప్పకుండా ఒక రాత్రి ఉండండి. నా మాట వినేది ఈ ఒక్కటైనా చాలు.

గుడికి వెళ్లే సందు ఎత్తుగా ఉంటుంది. రెండు పక్కలా చున్నీల కొట్లు, గాజుల కొట్లు. మా వదిన మూడు చోట్ల కూర్చుంది, మూడు చోట్లా గాజులు కొంది. లోపల విగ్రహం ఉండదు. రాతి పగులులోంచి మంట వస్తుంటుంది. ప్రధానమైన జ్వాల మన బొటనవేలంత ఉంటుందేమో. అడుగున నీలం, కొసన పసుపు. వత్తి లేదు, ప్రమిద లేదు. ఎవరైనా గబుక్కున పక్కనుంచి వెళ్తే ఆ గాలికి కాస్త వాలి, మళ్లీ నిటారుగా లేస్తుంది. నేనిచ్చిన కలకండ పొట్లాన్ని పూజారి ఆ మంటకి ఒక్క క్షణం తాకించి తిరిగి చేతిలో పెట్టాడు. కాగితం అంచు నల్లబడింది. ఆ కాగితం ఇప్పటికీ మా దేవుడి పెట్టెలో ఉంది.

రాత్రి శయన హారతికి జనం పలచబడతారు. అమ్మవారికి వేరే గదిలో మంచం వేసి, పక్క పరిచి, బట్టలు, నగలు, మంచినీళ్లు అమరుస్తారు. మా అమ్మ మా బామ్మకి పక్క వేసేటప్పుడు ఇలాగే దుప్పటి మడతలు అరచేత్తో సర్దేది. పాడుతున్నదేమిటా అని చెవి పెడితే సౌందర్యలహరి! ఉచ్చారణ వేరు, రాగం వేరు. మా వదినకి నోటికొచ్చు కాబట్టి మూల నిలబడి తనూ అందుకుంది. పక్కనున్న పంజాబీ ముసలాయన తిరిగి చూసి, తన శాలువా మడిచి కింద వేసి, కూర్చోమని ఆవిడకి సైగ చేశాడు. రెండు రోజుల ప్యాకేజీలో ఇది రాదు.

కాంగ్డాలో వ్రజేశ్వరి గుడి మూడు గుమ్మటాలది. 1009లో గజనీ మహమ్మద్ కొల్లగొట్టిన నగర్‌కోట్ ఇదే. 1905 ఏప్రిల్ 4న వచ్చిన భూకంపంలో పాత గుడి కూలిపోయింది, సుమారు ఇరవై వేల మంది పోయారు. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టింది. మకర సంక్రాంతికి ఇక్కడ అమ్మవారి పిండికి, అంటే విగ్రహం బదులు కొలిచే రాయికి, వెన్న పూత వేస్తారు. నెయ్యిని చన్నీళ్లలో నూటొక్కసారి కడిగి చేసిన వెన్న. మహిషాసురుడితో యుద్ధంలో అమ్మవారికైన గాయాలకి దేవతలు రాసిన మందట. మన ఆయుర్వేదంలో శతధౌత ఘృతం అంటారే, ఆ పద్ధతే. వారం ఉంచి, తీసి, ప్రసాదంగా పంచుతారు. మేం వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లో. మా వదిన భక్తిగా నోట్లో వేసుకోబోతే పక్కావిడ "నహీ నహీ!" అని చెయ్యి పట్టుకుంది. అది తినేది కాదు, ఒంటికి రాసుకునేది. చర్మం జబ్బులకీ, కీళ్ల నొప్పులకీ వాడతారు. మా వదిన ఆ రాత్రే మోకాళ్లకి రాసింది. తగ్గిందా అని అడగొద్దు. "చల్లగా ఉంది" అంది.

చాముండ చివర్న పెట్టుకోండి. పక్కన బాణగంగ ఏరు, ఎదురుగా ధౌలాధార్ మంచుకొండలు. గుడి వెనక పెద్ద బండ కింద శివలింగం ఉంది, వంగి దూరాలి. మీ అత్తగారు బయటి నుంచే దండం పెట్టుకుంటే చాలు.

ఎత్తు గురించి టెన్షన్ పడకండి. జ్వాలాముఖి ఊరు మన తిరుమల కొండకన్నా తక్కువ ఎత్తు, ఊపిరాడకపోవడం లాంటివేమీ ఉండవు. మలుపులకి కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. జనవరిలో వెళ్తే ఢిల్లీ వైపు పొగమంచుకి రైళ్లు ఆలస్యం. మాకు తొమ్మిది గంటలు పోయింది. అందుకే తిరుగు టికెట్‌కి మధ్యలో ఒక రోజు ఖాళీ వదలండి.

పిల్లల వేసవి సెలవులకి జులై చివర్న ఇండియా వస్తున్నాం. శ్రావణమాసంలో అమ్మవారి దర్శనం మంచిదని మా అమ్మ అంటోంది. వైష్ణోదేవి, నైనాదేవి కలిపి ప్లాన్ చేయవచ్చా?
*ఒక పాఠకురాలు, న్యూజెర్సీ*

మీ అమ్మగారి మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. మనం ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి కలశం పెట్టుకునే ఆ పక్షంలోనే అక్కడ శ్రావణ అష్టమి మేళా. పంజాబ్ నుంచి జనం లారీల్లో, ట్రాక్టర్లలో వస్తారు. 2008 ఆగస్టు 3న ఆ మేళాలోనే నైనాదేవి కొండమీద, కొండచరియ పడుతోందన్న పుకారుకి తొక్కిసలాట జరిగి 140 మందికి పైగా పోయారు. పిల్లలు కూడా ఉన్నారు అందులో. 2025 ఆగస్టులో వైష్ణోదేవి దారిలో అర్ధకువారి దగ్గర నిజంగానే కొండచరియ విరిగిపడి ముప్పై మందికి పైగా చనిపోయారు. వానాకాలంలో ఆ కొండల్ని నమ్మకూడదు.

డిసెంబరు సెలవులకి రండి. వైష్ణోదేవి కొండకింది ఊరు కట్రా, అక్కడ జనవరి 1 మాత్రం తప్పించండి. 2022లో ఆ తెల్లవారుజామునే తోపులాటలో పన్నెండు మంది పోయారు. కట్రా నుంచి భవన్ దాకా, అంటే అమ్మవారి గుడి దాకా, నడక 12, 13 కిలోమీటర్లు, పిల్లలు మీకన్నా ముందే ఎక్కేస్తారు. అక్కడి నుంచి పైనున్న భైరవ గుడికి 2018 నుంచి రోప్‌వే ఉంది. శ్రావణంలో మీ అమ్మగారితో కలిసి ఇంట్లో వ్రతం చేసుకోండి, ఆవిడకి అదే సంతోషం.

అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో "జ్వాలాయాం వైష్ణవీదేవీ" అని చదువుతాం. అది కట్రా వైష్ణోదేవియా, జ్వాలాముఖా? మా ఊళ్లో రోజూ ఇదే వాదన.
*రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, అలంపురం*

అయ్యా, జోగులాంబ ఒడిలో కూర్చుని నన్నడుగుతున్నారా! సరే. శ్లోకంలో వరస చూడండి. "అలంపురే జోగులాంబా, శ్రీశైలే భ్రమరాంబికా". ఒక ఊరు, ఆ ఊళ్లో అమ్మవారి పేరు. ఆ లెక్కన "జ్వాలాయాం" అన్నది ఊరు. జ్వాల ఉన్న చోటు కాంగ్డా జ్వాలాముఖి. సతీదేవి నాలుక పడిందని చెప్పేదీ అక్కడే. పేరు చూసి జనం కట్రా అంటారు, కాని కట్రా గుహలో జ్వాల ఏది? నా ఓటు జ్వాలాముఖికే.

కాంగ్డా చాముండని చూసి "చాముండీ క్రౌంచపట్టణే" పూర్తయిందని కూడా అనుకోకండి. అది మైసూరు కొండ అని మన పెద్దల లెక్క.

మీ ఎదుటి పక్షం వాళ్లు బాధపడితే ఈ ముక్క చెప్పండి. వైష్ణోదేవి కథలో ఆవిడ పుట్టింది దక్షిణాదిన, రత్నాకరుడనే భక్తుడింట్లో. సముద్రం ఒడ్డున తపస్సు చేసి, ఆ తర్వాత త్రికూట పర్వతానికి వెళ్లిందంటారు. అంటే మన వైపు ఆడపడుచే.

నైనాదేవి దగ్గర కళ్లైనా చూశాం. చింతపూర్ణిలో రెండు గంటలు క్యూలో నిలబడితే ఒక చిన్న రాయి చూపించారు. అమ్మవారి ముఖం చూడలేదన్న వెలితి పోవడం లేదు.
*ఒక పాఠకురాలు, హనుమకొండ*

దాన్ని వాళ్లు పిండి అంటారు. చింతపూర్ణిలోనూ, కాంగ్డాలోనూ, వైష్ణోదేవి గుహలోనూ అమ్మవారు పిండి రూపమే. మీ ఊరి పోచమ్మని తలుచుకోండి. వేపచెట్టు కింద పసుపు రాసి బొట్లు పెట్టిన రాయికి ముక్కూ మూతీ ఉన్నాయా? ఆ రాయికి బోనం ఎత్తినప్పుడు మీకు వెలితి అనిపించిందా? చింతపూర్ణిలో కొలిచేది ఛిన్నమస్తను, తన తల తనే ఖండించుకున్న దేవిని. ఆవిడ దగ్గర ముఖం వెతికితే ఎలాగమ్మా.

జ్వాలాముఖిలో వచ్చేది సహజవాయువే కదండీ. మా కోనసీమ వాళ్లకి గ్యాస్ మంట కొత్త కాదు. దానికోసం రెండువేల కిలోమీటర్లు వెళ్లాలా?
*ఇంజనీరింగ్ విద్యార్థి, రాజోలు*

గ్యాసే నాయనా. ప్రభుత్వం చమురు కోసం మొదట్లో బావి తవ్వించిన చోట్లలో జ్వాలాముఖి ఒకటి, 1957లో. వ్యాపారానికి సరిపడా దొరకలేదు. అక్బరు ఆ మంటని నీళ్లు పోసి ఆర్పబోయాడనీ, ఆరకపోతే బంగారు గొడుగు తెచ్చాడనీ, అది ఏ లోహమో తెలియకుండా మారిపోయిందనీ కథ ఉంది. కథని కథగా వినండి.

మీ పక్కనే పాశర్లపూడిలో 1995 జనవరిలో బావి పేలి 65 రోజులు మండింది. నువ్వు అప్పటికి పుట్టలేదు. నేను రావులపాలెం దాకా వెళ్లి, రాత్రి ఆకాశం ఎర్రగా ఉండటం చూశాను. మా పిన్ని వాళ్లు పశువుల్ని విప్పుకుని ఊరు వదిలొచ్చారు. అంత మంటనీ చూసిన కళ్లతోనే జ్వాలాముఖిలో బొటనవేలంత మంటనీ చూశాను. రెంటిలోనూ మండింది గ్యాసే. పాశర్లపూడిలో మేం పరిగెత్తాం, అక్కడ వాళ్లు పక్క వేస్తున్నారు. వెళ్లాలో వద్దో నువ్వే చూసుకో. వెళ్తే పక్కనే గోరఖ్ డిబ్బీ అనే నీటి గుంట కూడా చూడు. నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టుంటాయి, వేలు పెడితే చల్లగా ఉంటాయి. ఇంజనీరువి, ఎందుకో నువ్వే చెప్పు.

అక్కడ అన్నం దొరుకుతుందా? ఆవకాయ తీసుకెళ్లవచ్చా?
*ఒక పాఠకుడు, తెనాలి*

అన్నం నిక్షేపంగా దొరుకుతుంది. కాంగ్డా వాళ్లు అన్నం తినేవాళ్లే. ఎక్కడైనా రాజ్మా చావల్ పెడతారు. పెళ్లిభోజనం లాంటి 'ధామ్' దొరికితే వదలకండి, నేలమీద బంతి వేసి ఆకులో వడ్డిస్తారు. అందులో పెరుగులో ఉడికించిన శనగల కూర 'మదరా' మన మజ్జిగపులుసుకి పెద్దక్కలా ఉంటుంది.

ఆవకాయ తీసుకెళ్లండి. గాజు సీసాలో వద్దు. మూతకింద ప్లాస్టిక్ కాగితం రెండు పొరలు వేసి, రబ్బరు బ్యాండు బిగించి, స్టీలు క్యారేజీ గిన్నెలో నిలబెట్టండి. నేను ఇది తెలుసుకునేలోపు ఒక తెల్ల చీర, మా వదిన స్వెట్టరు, పక్క బెర్తు ఆయన హిందీ పేపరు పోయాయి. ఆయన ఏమీ అనలేదు, పేపరు మీద పడిన ముక్కని రొట్టెతో నంజుకున్నాడు.