ఎస్టీమ్ 1.3 ఇంజన్‌కి రేస్ క్యామ్ వేశాక ఏ వాల్వ్ స్ప్రింగులు వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మారుతి ఎస్టీమ్ కారు 1.3 లీటర్ 16 వాల్వ్ ఇంజన్‌కి ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్, అంటే వాల్వ్‌లను మామూలు కంటే ఎక్కువ దూరం తెరిచేది, వేయించారు. 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ తడబడి పవర్ పడిపోతోంది. మార్కెట్లో దొరికే వాటిలో వాల్వ్‌లను తిరిగి మూసే స్ప్రింగులు అన్నిటికంటే గట్టివి వేస్తే సరిపోతుందా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి, ముందు కొలవండి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో పరిగెత్తే కార్లకు ఏళ్లుగా హెడ్ (వాల్వ్‌లు ఉండే ఇంజన్ పై భాగం) పని చేస్తున్నాను. ఇదే కంప్లైంట్‌తో ఒక కారు నా దగ్గరకు వచ్చింది. అప్పటికే ప్లగ్గులు, కాయిల్, ఆఖరికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కూడా మార్చేశారు. హెడ్ విప్పితే స్ప్రింగులు కొత్తవే. కానీ అమర్చిన ఎత్తు (వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ ఉండే ఎత్తు) కొలిస్తే ఒక్కో వాల్వ్ దగ్గర ఒక్కోలా ఉంది. అంతకుముందు లేత్ షాపులో సీట్లు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనుకునే అంచులు) కట్ చేయించారట. సీటు తెగితే వాల్వ్ లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, కాడతో పాటు రిటైనర్ (స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే బిళ్ల) కూడా. స్ప్రింగ్‌కి ఆ మేరకు చోటు పెరిగి, నొక్కుడు తగ్గిపోతుంది. స్ప్రింగులు మార్చకుండా, కింద షిమ్‌లు (పల్చటి వాషర్లు) వేసి ఎత్తులు సరిచేస్తేనే ఆ తడబాటు పోయింది.

స్ప్రింగ్ సెలక్షన్ మొదలయ్యేది క్యామ్ దగ్గరే. క్యామ్ చేసినవాళ్లు సీటు మీద ఎంత లోడ్ ఉండాలో, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంత ఉండాలో చెప్తారు. వాళ్లని గట్టిగా అడిగి తీసుకోండి. ఆ తర్వాత లెక్క సులువే. ఉదాహరణకి అమర్చిన ఎత్తు 36 ఎంఎం, అక్కడ లోడ్ 25 కేజీలు, స్ప్రింగ్ రేటు ఎంఎంకి 4 కేజీలు అనుకుందాం. లిఫ్ట్ 10 ఎంఎం అయితే తెరుచుకున్నప్పుడు లోడ్ 65 కేజీలు, ఎత్తు 26 ఎంఎం. చుట్లన్నీ ఒకదానికొకటి తగిలే ఎత్తు 24.2 అయితే ఇంకా 1.8 ఎంఎం ఖాళీ ఉన్నట్టు. సుమారు ఒకటిన్నర ఎంఎం కంటే తగ్గితే నాకు టెన్షనే. మీ ఇంజన్‌లో రాకర్లు (క్యామ్ కదలికను వాల్వ్‌కి అందించే చిన్న మీటలు) ఉన్నాయి కాబట్టి క్యామ్ మీది లిఫ్ట్ వేరు, వాల్వ్ దగ్గర లిఫ్ట్ వేరు. డయల్ గేజ్ వాల్వ్ దగ్గరే పెట్టి చూడండి.

గట్టిది వేస్తే తప్పేంటి అంటారేమో. క్యామ్ లోబ్‌లు, రాకర్లు, గైడ్‌లు త్వరగా అరుగుతాయి, టైమింగ్ బెల్ట్ మీద భారం పెరుగుతుంది. మెత్తనిది వేసినా ప్రమాదమే. వేగం 7,000 నుంచి 8,000కి పెరిగితే వాల్వ్‌ని అదుపులో పెట్టడానికి కావలసిన బలం దాదాపు 30 శాతం పెరుగుతుంది. అందుకే అవసరానికి సరిపడే వాటిలో తక్కువ లోడ్‌దే ఎంచుకుంటాను. వాల్వ్, రిటైనర్ బరువు తగ్గించగలిగితే ఇంకా మేలు.

లోడ్ సరిపోయినా స్ప్రింగ్ అదుపు తప్పే సందర్భం ఒకటుంది. బావిలో వేసిన చేదతాడును పైన కుదిపితే అల కింద దాకా పాకినట్టు, కొన్ని ఆర్‌పీఎమ్‌ల దగ్గర స్ప్రింగ్ చుట్లలో అలలు పుడతాయి. అప్పుడు లెక్కలో ఉన్న లోడ్ వాల్వ్‌కి అందదు. బీహైవ్ స్ప్రింగ్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి దానిలో ఈ కంపం ఒకే చోట బలపడదు, రిటైనర్ కూడా చిన్నదవుతుంది. డబుల్ స్ప్రింగ్‌లో లోపలిది బయటిదాన్ని రాసుకుంటూ కంపాన్ని అణుస్తుంది. బయటిది విరిగినా వాల్వ్ సిలిండర్‌లో పడకుండా లోపలిది పట్టుకునే అవకాశం ఉంటుంది. కాకపోతే ఆ రాపిడికి వేడి ఎక్కువ, ఆయిల్ బాగా అందాలి. మీ స్థాయి ఇంజన్‌కి నా ఓటు బీహైవ్‌కే.

ఫిట్టింగ్‌లో, స్ప్రింగ్ లేకుండా రిటైనర్, దాన్ని వాల్వ్ కాడకి బిగించే లాక్‌లు పెట్టి పైకి లాగి పట్టుకుని, స్ప్రింగ్ కూర్చునే చోటు నుంచి రిటైనర్ అడుగు వరకు కొలవండి. పదహారూ కొలిచి, అన్నిటికంటే తక్కువ ఉన్నదానికి మిగతావాటిని షిమ్‌లతో సమం చేయండి. పై లెక్కలోని స్ప్రింగ్‌కి అర ఎంఎం షిమ్ వేస్తే 2 కేజీలు పెరుగుతుంది, కానీ చుట్ల మధ్య ఖాళీ అదే అర ఎంఎం తగ్గుతుంది. అల్యూమినియం హెడ్ మీద స్ప్రింగ్ నేరుగా కూర్చోకూడదు, కింద గట్టి స్టీల్ వాషర్ తప్పనిసరి. పూర్తి లిఫ్ట్‌లో రిటైనర్ అడుగుకీ వాల్వ్ సీల్‌కీ మధ్య కూడా ఒకటిన్నర ఎంఎం ఉండాలి. ఇది చాలామంది చూడరు, సీల్ చితికి పొగ వచ్చాక వెతుకుతారు. పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి ఇంజన్‌ని చేత్తో తిప్పి చూస్తే వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య దూరం తెలుస్తుంది. ఇన్‌టేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఎంఎం ఉండేలా చూసుకోండి.

స్ప్రింగ్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తడం, వైస్‌లో బిగించడం వద్దు. పైన చిన్న గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక 2,000 లోపే నడిపి వేడెక్కనిచ్చి, ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాతే ట్రాక్. కొత్తలో టెస్టర్ మీద ప్రతి స్ప్రింగ్ లోడ్ రాసిపెట్టుకుంటే, రేసుల మధ్య హెడ్ విప్పినప్పుడు ఏది నీరసించిందో వెంటనే తెలుస్తుంది.

క్యామ్ చేసినవాళ్లు ఇచ్చే క్యామ్ కార్డ్‌లోని అంకెలు, మీరు కొలిచిన పదహారు ఎత్తులు ఇక్కడ పెట్టండి. ఏ షిమ్ ఎక్కడ పడాలో లెక్క వేసి చెప్తాను.