మున్సిపాలిటీ టెక్నాలజీ ప్రాజెక్టుల్లో ఉద్యోగం: కాంట్రాక్టు అని వద్దనాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ పూర్తిచేసి రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. ఇప్పుడు అది మానేసి, ఒక నగరపాలక సంస్థకు సాఫ్ట్‌వేర్ టెండర్లలో సాయపడే కన్సల్టెన్సీ బృందంలో చేరతానంటోంది. అది కాంట్రాక్టు ఉద్యోగం. మేము అప్పు చేసి అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్‌కు పంపాలనుకున్నాం. ఏది మేలు? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీరు పోలిక అడిగినా, మీ మనసులో ఉన్నది కాంట్రాక్టు ముగిసిన రోజున అమ్మాయి పరిస్థితి ఏమిటన్న భయం. ఈ భయంతో రాసే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ భయం నిరాధారం కాదు. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన స్మార్ట్ సిటీల మిషన్ తొలి జాబితాలో విశాఖపట్నంతో పాటు మీ కాకినాడ కూడా ఎంపికైంది. ఆ మిషన్ గడువు 2025 మార్చి 31తో తీరిపోయింది. పథకం ముగిస్తే దాని కోసం పెట్టిన బృందాల అవసరమూ ముగుస్తుంది. కానీ ఆస్తి పన్ను, ఇంటి ప్లాన్ల అనుమతులు, కుళాయి కనెక్షన్లు కంప్యూటర్ల మీదే నడుస్తున్నంత కాలం, ఒక ఒప్పందం ముగియగానే మరో టెండరు పిలవక తప్పదు. ఆ పని తెలిసినవారిని వెతుక్కునే మున్సిపాలిటీలు, కన్సల్టెన్సీలు ఎప్పుడూ ఉంటాయి.

ఎంఎస్ విషయంలో మాత్రం నాకు గట్టి సందేహాలున్నాయి. కాంట్రాక్టు అంటే వెనకాడుతున్న మీరు, అమెరికాలో చదువయ్యాక అక్కడ పనిచేయడానికి దొరికే ఓపీటీ అనే అనుమతి 12 నెలలేనని, సాంకేతిక కోర్సులకు మరో 24 నెలలు పొడిగిస్తారని, అంటే అదీ మూడేళ్ల గడువున్న అనుమతేనని గమనించారా? ఆ తరువాత కంపెనీల కోసం ఏటా ఇచ్చే కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసాలు 85,000 మాత్రమే, వాటికి పోటీపడేవారు అంతకంటే చాలా ఎక్కువ. ఇక్కడి మూడేళ్లలో జీతం వస్తుంది, అక్కడి మూడేళ్లలో వచ్చిన జీతంలోంచి అప్పు తీర్చాలి. ఆమెకు డేటా సైన్స్ మీద ఆసక్తి ఉందని మీరు ఒక్క మాటైనా రాయలేదు. రెండేళ్లు సొంతంగా సంపాదించిన మనిషి తన దారి తాను ఎంచుకుంటే, ఎందుకు ఎంచుకుందో అడగకుండానే అప్పు లెక్కలు వేయడం మీ తప్పు. ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి.

ఇక ఆమె చేయబోయే పని సంగతి. టెండర్లతో సాఫ్ట్‌వేర్ కొనడమంటే బేరమాడడమే అనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు మొదలయ్యాయి, 2016లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ తెచ్చింది. బిడ్లు వేయడం, తెరవడం ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. కష్టమంతా ఆర్‌ఎఫ్‌పీ, అంటే ఏం కావాలో, ఏ షరతులతోనో కంపెనీలకు చెప్పే టెండరు పత్రం రాయడంలో ఉంది: ఏ పని పూర్తయితే ఎంత చెల్లించాలి, సర్వర్ ఆగితే జరిమానా ఎంత, కంపెనీ మారితే పౌరుల డేటా ఏ రూపంలో అప్పగించాలి అన్నవి ముందే రాయకపోతే, అందరికంటే తక్కువ ధర కోట్ చేసి ఎల్1గా వచ్చిన కంపెనీ చేతిలో మున్సిపాలిటీ ఏళ్ల తరబడి చిక్కుకుంటుంది. ధరతో పాటు నాణ్యతకూ మార్కులిచ్చే క్యూసీబీఎస్ పద్ధతి ఎప్పుడు తగినదో కూడా ఆమె నేర్చుకుంటుంది. అంతకంటే కష్టం కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక మొదలవుతుంది. ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసి ఉండే డిమాండ్ రిజిస్టరు నమ్ముకుని పన్ను వసూలు చేసిన బిల్ కలెక్టరు, ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్ (పన్ను ఖాతా) నంబర్లు చూపించే కొత్త కంప్యూటర్ తెరను ఎందుకు నమ్మాలి? ఆయన పక్కన కూర్చుని పాత లెక్కలు సరిచేయించే ఓపిక ఉన్నవారు నిజంగా తక్కువ, అందుకే మీ అమ్మాయి ఎంపిక నాకు సంతోషం కలిగించింది.

టెండర్లంటే అవినీతి ఆరోపణలు, విజిలెన్స్ విచారణల గొడవలని కూడా మీరు భయపడుతుండవచ్చు. బిడ్‌లను మదింపు చేసి నిర్ణయించేది కమిటీ. ఆమె తన సిఫార్సుకు కారణాలు ప్రతిసారీ రాతపూర్వకంగా ఫైల్లో ఉండేలా చూసుకోవాలి, బిడ్డర్లతో విడిగా మాట్లాడకూడదు.

చేరేముందు మూడు సంగతులు అడగమనండి: ప్రాజెక్టు గడువు ఎప్పటివరకు, అది ముగిస్తే కన్సల్టెన్సీ మరో ప్రాజెక్టుకు మారుస్తుందా, ఆర్‌ఎఫ్‌పీ రాసే పనిలో ఆమెకు భాగముంటుందా లేక ప్రజెంటేషన్లు తయారుచేయడమేనా. మూడో దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ ఆఫర్‌ను వదులుకుని, ఇదే రంగంలో ఇంకొకటి వెతకమనండి. అప్పటిదాకా ఇప్పటి ఉద్యోగం మానవద్దు.