గ్రామర్ బుక్ పూర్తయింది, స్కోరు మాత్రం కదల్లేదు

ప్రశ్న: నమస్తే మేడం. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రెండుసార్లు రాశాను. లిజనింగ్, రీడింగ్‌లో 7.5 వచ్చినా రైటింగ్ రెండుసార్లూ 6 దగ్గరే ఆగిపోయింది. గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చేశాను. ఖాళీలు పూరించమంటే పదికి తొమ్మిది కరెక్టే, ఎస్సే రాస్తే మాత్రం ప్రతి వాక్యంలో ఏదో ఒక తప్పు. ఇంకో పుస్తకం మొదలుపెట్టమంటారా? నేను రాసిన పేరా ఒకటి పంపుతున్నాను, చూడండి.

జవాబు: ఇంకో పుస్తకం వద్దండీ. ఖాళీలు పూరించేటప్పుడు వాక్యం ఎవరో కట్టి పెట్టి ఉంటారు, మీరు ఒక్క మాట ఎంచుకుంటే చాలు. ఎస్సేలో మొత్తం మీరే కట్టుకోవాలి, ఆ పని ఆ పుస్తకం మీచేత చేయించలేదు. టోఫెల్ అని ఇంకో ఇంగ్లిష్ పరీక్ష ఉంది, కాగితం మీద రాసే పాత టోఫెల్‌లో ఖాళీకి సరైన మాట ఎంచుకోవడం, గీత గీసిన నాలుగు చోట్లలో తప్పు పట్టుకోవడం అని గ్రామర్‌కు విడిగా ఒక సెక్షనే ఉండేది, 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చాక అది పోయింది. కానీ చాలామంది ప్రాక్టీసు ఇంకా ఆ సెక్షన్ కోసం చేస్తున్నట్టే ఉంటుంది.

మీ పేరాలో రెండో వాక్యం చూడండి: "బికాజ్ ఆఫ్ ఫోన్స్ చిల్డ్రన్ ఆర్ నాట్ ప్లేయింగ్ అవుట్‌సైడ్, దే ఆర్ బికమింగ్ వీక్, సో పేరెంట్స్ షుడ్ కంట్రోల్." దీన్ని తెలుగులోకి మార్చి చదవండి. "ఫోన్ల వల్ల పిల్లలు బయట ఆడట్లేదు, బలహీనమైపోతున్నారు, కాబట్టి తల్లిదండ్రులు కంట్రోల్ చేయాలి." తెలుగులో ఏ లోటూ లేదు, అందుకే రాసేటప్పుడు మీకు అనుమానం రాలేదు. దేన్ని కంట్రోల్ చేయాలో తెలుగులో చెప్పక్కర్లేదు, వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో కంట్రోల్ అన్నాక దేన్ని అన్నది అక్కడే రాయాలి, లేకపోతే వాక్యం సగంలో ఆగిపోయినట్టే. "అవుట్‌సైడ్" తర్వాత మీరు పెట్టిన కామా రెండు పూర్తి వాక్యాలను అతికిస్తోంది, ఆ పని ఒక్క కామా వల్ల కాదు, అక్కడ ఫుల్‌స్టాప్ అయినా కావాలి, "అండ్" లాంటి మాటైనా కావాలి. ఇక "ఆడట్లేదు" అనగానే చేతికి "ఆర్ నాట్ ప్లేయింగ్" వచ్చేసింది. ఎప్పుడూ జరిగే సంగతి గురించి జనరల్‌గా చెబుతున్నప్పుడు సింపుల్ ప్రెజెంట్ సరిపోతుంది, "డు నాట్ ప్లే" అంటే చాలు.

ఇదే సంగతిని ఇలా కట్టొచ్చు: "చిల్డ్రన్ హూ స్పెండ్ దెయిర్ ఈవినింగ్స్ ఆన్ ఫోన్స్ రేర్లీ ప్లే అవుట్‌సైడ్. యాజ్ ఎ రిజల్ట్, దే బికమ్ వీక్, సో పేరెంట్స్ షుడ్ లిమిట్ దెయిర్ స్క్రీన్ టైమ్." ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. మారింది "హూ" దగ్గర. మనం "సాయంత్రాలు ఫోన్‌లో గడిపే పిల్లలు" అంటాం, వివరమంతా ముందు వచ్చి పిల్లలు చివర వస్తారు. ఇంగ్లిష్‌లో పిల్లలు ముందు, వివరం వెనక.

ఈ తేడా ఇంకో తప్పుకు కూడా మూలం, మీ పేరాలోనే ఉంది: "ద నంబర్ ఆఫ్ పీపుల్ హూ యూజ్ ఫోన్స్ హ్యావ్ ఇంక్రీజ్డ్." తెలుగులో "ఫోన్లు వాడేవాళ్ల సంఖ్య పెరిగింది" అంటాం, సంఖ్య పక్కనే పెరిగింది ఉంటుంది కాబట్టి తప్పు దొర్లే వీలే తక్కువ. ఇంగ్లిష్‌లో "నంబర్" ఎక్కడో మొదట్లో ఉండిపోయి, దానికీ క్రియకూ మధ్య పీపుల్, ఫోన్స్ అని రెండు బహువచనాలు వచ్చి కూర్చుంటాయి, చెయ్యి వాటిని చూసి "హ్యావ్" రాసేస్తుంది. కావాల్సింది "హ్యాజ్". ఇలాంటి చోట క్రియ కింద వేలుపెట్టి "ఇది ఎవరిది?" అని అడుగుతూ వెనక్కి వెళ్లండి, అసలు కర్త దొరికేదాకా. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, ఫర్వాలేదు.

ఇప్పుడు 6 సంగతి. రైటింగ్ స్కోరులో గ్రామర్ వాటా నాలుగో వంతే, మిగతాది ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చారా, పేరాలు పొందిగ్గా ఉన్నాయా, మాటల వాడకం ఎలా ఉంది అన్నవాటిది, వాటినీ చూసుకోండి. గ్రామర్ వరకు చూస్తే 6 బ్యాండ్, అంటే 6 స్కోరు, వివరణలో చిన్న వాక్యాలు, "హూ", "బికాజ్" లాంటివాటితో కట్టే కాంప్లెక్స్ వాక్యాలు రెండూ ఉంటాయి, కొన్ని తప్పులుంటాయి, అయినా అర్థం పెద్దగా చెడదు అని ఉంటుంది. 7కి వచ్చేసరికి తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి. నా దృష్టిలో మీకు కావాల్సింది ఈ ఒక్క లెక్క. టాస్క్ 2లో, అంటే ఎస్సేలో, కనీసం 250 పదాలు రాయాలి కదా, మామూలుగా పదమూడో పద్నాలుగో వాక్యాలవుతాయి. పాత ఎస్సే ఒకటి తీసి, ఒక్క తప్పూ లేని వాక్యాలకు టిక్ పెట్టండి. మూడు టిక్కులే వస్తే బాధపడకండి, వచ్చే ఎస్సేలో అయిదు చేద్దాం అనుకోండి. టిక్ రాని ప్రతి వాక్యాన్నీ నోట్‌బుక్‌లో మళ్లీ రాసి, పక్కన తెలుగులో మీరు ఏమనుకున్నారో కూడా రాయండి. పది రోజులకే ఒకే రకం తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఎస్సేలు దిద్దుతూ నేను చూసింది ఏంటంటే, ఒక మనిషికి యాభై రకాల తప్పులు ఉండవు, నాలుగో అయిదో ఉంటాయి, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి.

చివరి అయిదు నిమిషాలు చెక్ చేసుకోవడానికి ఉంచుకోండి. 60 నిమిషాల్లో రెండు టాస్కులూ అయిపోవాలి, టాస్క్ 2కి రెట్టింపు విలువ, అందుకని చెక్ చేయడం కూడా దాంతోనే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి వెతక్కండి, ఒకసారి క్రియలు మాత్రమే, ఇంకోసారి కామాలు మాత్రమే.

ప్రశ్న: మేడం, పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలో, ఇచ్చిన పేరా సారాంశాన్ని ఒకే వాక్యంలో రాయమంటారు. నేను "అండ్" పెట్టుకుంటూ పోతే అయిదారు సార్లు వస్తోంది. ఎలా తగ్గించాలి?

జవాబు: పది నిమిషాల టైమ్, 5 నుంచి 75 పదాలు, ఫుల్‌స్టాప్ ఒక్కటే. రెండు వాక్యాలు రాస్తే ఎంత బాగా రాసినా ఆ ప్రశ్నకు మార్కులు రావు. ముందు పేరాలో అసలు సంగతిని పది పన్నెండు పదాల్లో కర్త, క్రియలతో కట్టేయండి, మిగతావన్నీ దానికి తగిలించేవే. ఒక వివరానికి "విచ్", ఒక కారణానికి "బికాజ్", ఎదురు సంగతి ఉంటే మొదట్లో "ఆల్దో". ఈ మూడూ ప్రతిసారీ వాడాలని లేదు, రెండు చాలు. "ఆల్దో" పెట్టాక మళ్లీ "బట్" రాయకండి, మనం "అయినా కూడా... కానీ" అనే అలవాటులో ఉంటాం కాబట్టి చాలామందికి ఇది జారిపోతుంది. రాశాక అసలు వాక్యాన్ని మిగతా వాటి నుంచి విడదీసి చదవండి, అది తనంతట తాను నిలబడాలి.

ప్రశ్న: స్పీకింగ్‌లో టెన్స్ తప్పు మాట్లాడానని మధ్యలో గుర్తొస్తే టెన్షన్ వచ్చేస్తోంది. వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. "ఐ గో... ఐ వెంట్" అని వెంటనే మార్చుకుని ముందుకెళ్లిపోండి, సారీ చెప్పక్కర్లేదు. కానీ ప్రతి వాక్యంలోనూ ఆగి దిద్దుకుంటే ఫ్లుయెన్సీ దెబ్బతింటుంది, ఐఈఎల్‌టీఎస్‌లో దానిది కూడా గ్రామర్‌లాగే నాలుగో వంతు. వాక్యం దాటిపోయాక గుర్తొచ్చిన తప్పును వదిలేయండి. ఇంట్లో మాత్రం ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, నిన్న జరిగిన ఏదో ఒక విషయం చెప్పి, విని, గో, కమ్, సే లాంటి క్రియలు ఎక్కడ పాస్ట్‌లోకి మారలేదో లెక్కపెట్టండి. అదే కథ వెంటనే మళ్లీ చెప్పండి.