నా ప్యాకేజీ నా కంప్యూటర్‌లోనే ఎందుకు నడుస్తోంది?

ప్రశ్న: గణాంకశాస్త్రంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సర్వే డేటాను శుభ్రం చేసే ప్యాకేజీ ఒకటి ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో రాసి రెజ్యూమెలో పెట్టాను. ఇంటర్వ్యూ చేసినవారు తమ దగ్గర అది ఇన్‌స్టాలే కాలేదన్నారు. నా దగ్గర చక్కగా నడుస్తోంది. కావలసిన ఇతర ప్యాకేజీలను తెరిచే లైబ్రరీ కమాండ్లన్నీ ఫైలు పైనే రాశాను. అన్నింటినీ ‘డిపెండ్స్’లో పెట్టమని స్నేహితుడు అంటున్నాడు. ఈ ప్రాజెక్టును రెజ్యూమెలో ఉంచాలా, తీసేయాలా?

జవాబు: తీసేయకండి. సరిచేసి ఉంచండి. మీ స్నేహితుడి సలహాను మాత్రం పక్కన పెట్టండి.

పొరపాటంతా ఆ లైబ్రరీ కమాండ్లలోనే ఉంది. స్క్రిప్టులో అవి సరైనవే. ప్యాకేజీలో ఫంక్షన్ల బయట రాసిన కోడ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకసారి నడిచి ఊరుకుంటుంది. తర్వాత ఎవరైనా మీ ప్యాకేజీని తెరిచినప్పుడు అది మళ్ళీ నడవదు. మీరు వాడిన డీప్లయర్ (డేటా పట్టికలను మలిచే ప్యాకేజీ) మీ సెషన్‌లో ముందే తెరిచి ఉండడంతో లోపం మీకు కనిపించలేదు. ఇంటర్వ్యూ చేసినవారి కంప్యూటర్‌లో డీప్లయర్ లేదు, అది కావాలని మీరు ఎక్కడా ప్రకటించనూ లేదు. అందుకే ఇన్‌స్టాల్ మధ్యలోనే ఆగిపోయింది.

ప్రకటన రెండు చోట్ల ఉంటుంది, కొత్తవారు తికమకపడేది ఇక్కడే. ప్యాకేజీ వివరాలుండే ‘డిస్క్రిప్షన్’ ఫైలులోని ‘ఇంపోర్ట్స్’ వరుస, పేరుకు ఇంపోర్ట్స్ అయినా, దేన్నీ ఇంపోర్ట్ చేయదు! మీ ప్యాకేజీతో పాటు ఫలానా ప్యాకేజీ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలని చెబుతుంది, అంతే. ఫంక్షన్‌ను నిజంగా అందుబాటులోకి తెచ్చేది ‘నేమ్‌స్పేస్’ ఫైలులోని ‘ఇంపోర్ట్‌ఫ్రమ్’. లేదా కోడ్‌లోనే ప్యాకేజీ పేరు, రెండు కోలన్లు, ఫంక్షన్ పేరు కలిపి ‘డీప్లయర్::ఫిల్టర్’ అని రాయవచ్చు. నేనైతే రెండో పద్ధతికే ఓటేస్తాను. ఏ ఫంక్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవారికి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మీడియన్ లాంటివి ఆర్‌తోనే వస్తాయి కదా అని వదిలేయకండి. అది ‘స్టాట్స్’ ప్యాకేజీలోది, దాన్నీ ప్రకటించాలి. ప్రకటన అక్కర్లేనిది ‘బేస్’ ఒక్కటే.

ఇక ‘డిపెండ్స్’, అదీ డిస్క్రిప్షన్ ఫైలులోని వరుసే. అందులో పెట్టిన ప్రతి ప్యాకేజీ మీ ప్యాకేజీతో పాటే వాడేవారి సెషన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. భోజనానికి పిలిచిన ఒక్కరు చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చినట్టు. స్టాట్స్‌లోనూ ఒక ఫిల్టర్ ఉంది, అది కాలక్రమ శ్రేణుల కోసం. మీ డిపెండ్స్‌లో డీప్లయర్ ఉంటే, మీ ప్యాకేజీని తెరిచిన మరుక్షణం వారి ఫిల్టర్ అర్థం మారిపోతుంది, కారణం వారికి తట్టదు కూడా. ఆ వరుసలో ఆర్ వెర్షన్ ఉంటే చాలు. ఉదాహరణకు, ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే, ఆర్‌లోనే ఉన్న పైపు గుర్తును వాడితే 4.1.0 లేదా ఆ పైది కావాలని రాయండి.

ఒకే ఒక్క ఫంక్షన్ గ్రాఫు గీయడానికి వాడే ప్యాకేజీ, పరీక్షలకు వాడే టెస్ట్‌దట్ వంటివి అదే ఫైలులోని ‘సజెస్ట్స్’ వరుసలోకి వెళ్ళాలి. అవి అవతలివారి దగ్గర లేకపోవచ్చు కాబట్టి, వాడే ముందు ‘రిక్వైర్‌నేమ్‌స్పేస్’తో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మర్యాదగా చెప్పే సందేశం రాయండి.

ఇన్ని ప్యాకేజీలు అసలు అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఇంటర్వ్యూలో నేనైతే అదే అడుగుతాను. పదాల అంచుల్లోని ఖాళీలు తీయడానికి స్ట్రింగ్‌ఆర్ ప్యాకేజీని తెచ్చుకునేవారున్నారు, ఆ పని చేసే ట్రిమ్‌డబ్ల్యూఎస్ ఫంక్షన్ బేస్‌లోనే ఉంది. ఆర్‌తో పాటు రానివి ఇంపోర్ట్స్‌లో 20 దాటితే ఆర్ ప్యాకేజీల కేంద్ర భాండాగారమైన క్రాన్ తనిఖీ కూడా అభ్యంతరం చెబుతుంది.

సరిచేశాక, ప్యాకేజీని తనిఖీ చేసే ‘ఆర్ సీఎండీ చెక్’ కమాండ్ నడపండి. ప్రకటించని ఫంక్షన్లనే కాదు, ప్రకటించి వాడని ప్యాకేజీలనూ అది పట్టిస్తుంది. తర్వాత మీ ప్యాకేజీలేవీ లేని వేరే కంప్యూటర్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి.

అదీ అయ్యాక, ఇంటర్వ్యూ చేసినవారికి మెయిల్ రాయండి. లోపం ఏమిటో, ఎలా సరిదిద్దారో రెండు వాక్యాలు చాలు. సంజాయిషీలు వద్దు. ఉద్యోగం సంగతి వారి ఇష్టం, ఈసారి ప్యాకేజీ మాత్రం వారి దగ్గర నడుస్తుంది.