కాన్వెంటు వేరు, అమెరికా క్రిస్టియన్ ప్రెప్ స్కూలు వేరు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావారిది హెచ్1బి, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. మా అమ్మాయి 8వ తరగతి. బాగా చదువుతుంది కానీ చాలా నెమ్మది, రెండు వేల మంది ఉండే పబ్లిక్ హైస్కూల్లో ఎవరి కంటా పడకుండా ఉండిపోతుందేమోనని నా భయం. దగ్గర్లో ఒక ప్రైవేట్ క్రిస్టియన్ కాలేజ్ ప్రిపరేటరీ స్కూలు చూసి వచ్చాం. క్లాసుకి 15 మంది, నూటికి నూరు మందికీ కాలేజీ సీట్లు వస్తాయన్నారు, ఫీజు ఏడాదికి 27 వేల డాలర్లు. మేం హిందువులం. నేనూ తెనాలిలో కాన్వెంటులోనే చదివాను కాబట్టి నాకు ఇబ్బంది అనిపించలేదు, మా అత్తగారు మాత్రం మతం మార్చేస్తారేమో అంటున్నారు. పాపకి డాక్టర్ అవ్వాలని ఉంది. చేర్పించమంటారా? ఇంకో మాట, హైదరాబాద్‌లో 9వ తరగతి చదువుతున్న మా అన్నయ్య కొడుకుని కూడా ఇక్కడికి తెప్పించి చదివించవచ్చా?

జవాబు:

అమ్మా, "నేనూ కాన్వెంటులోనే చదివాను" అన్నారు చూడండి, అక్కడ్నించే మొదలుపెడతాను. మనవాళ్లు చాలామంది ఇదే లెక్కతో వెళ్లి చేర్పిస్తున్నారు, సగం ఏడాది గడిచాక నాకు ఫోన్ చేస్తున్నారు. మన కాన్వెంటులో ఏముండేది? పొద్దున అసెంబ్లీలో ప్రేయర్, గోడ మీద మేరీమాత పటం, క్రిస్మస్‌కి నాటకం, సిస్టర్ల క్రమశిక్షణ. ఆర్‌సీఎం పిల్లలు సత్యోపదేశం క్లాసుకి వెళ్తే మిగతావాళ్లం మోరల్ సైన్స్ చదువుకున్నాం. క్లాసులో ఎక్కువమంది మనలాంటివాళ్లే, ఇంటికెళ్తే వినాయక చవితి, సంక్రాంతి అన్నీ మామూలే. మతం ఆ బడిని నడిపేవాళ్లది, మనం చదువు కోసం వెళ్లాం, అంతే.

మీరు చూసి వచ్చింది అలాంటి బడి కాదు. టెక్సస్‌లో ఇలాంటి స్కూళ్లు చాలావరకు ఇవాంజెలికల్ సంప్రదాయంవి, అంటే బైబిల్‌నీ, విశ్వాసాన్ని నలుగురికీ చెప్పడాన్నీ ముఖ్యం అనుకునే ప్రొటెస్టంట్లవి. కొన్నిటిని పెద్ద పెద్ద బాప్టిస్టు చర్చిలే మొదలుపెట్టాయి. అక్కడ బైబిల్ ఒక సబ్జెక్టు. చాలాచోట్ల నాలుగేళ్లూ చదవాలి, పరీక్షలుంటాయి, గ్రేడు వస్తుంది, గ్రాడ్యుయేట్ అవ్వాలంటే ఆ క్రెడిట్లు ఉండాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాపెల్, అంటే స్కూలంతా కూర్చునే ప్రార్థన సభ, ఉంటుంది. పిల్లలే బ్యాండు కట్టి పాటలు పాడతారు, బయటి నుంచి వచ్చిన పాస్టరో, ఒక్కోసారి పై క్లాసు పిల్లలో మాట్లాడతారు. ఆ రోజుకి ప్రత్యేకంగా చాపెల్ డ్రెస్ కూడా ఉంటుంది చాలా స్కూళ్లలో. కెమిస్ట్రీ టీచరు పరీక్షకి ముందు ప్రార్థన చేస్తారు, ఫుట్‌బాల్ కోచ్ ఆటకి ముందు చేస్తారు. మీ అమ్మాయికి ఇష్టం లేని పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చునే ఏర్పాటు మామూలుగా ఉండదు, ఎందుకంటే వాళ్లకి అదే ఆ స్కూలు పెట్టిన కారణం. దాచిపెట్టి చేసేది కూడా కాదు, అడ్మిషన్ కాగితాల్లోనే స్పష్టంగా రాసి ఉంటుంది, మనమే అది తిప్పేసి ఫీజు పేజీ చూస్తాం.

అందుకని ముందు ఒక పని చేయండి. మీరు చూసిన స్కూలు ఏ రకమో కనుక్కోండి. ఈ స్కూళ్లలో రెండు పద్ధతులున్నాయి. ఒక రకంలో తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు క్రైస్తవ విశ్వాసులై ఉండాలి, పాస్టర్ దగ్గర్నించి ఉత్తరం తేవాలి, స్కూలు స్టేట్‌మెంట్ ఆఫ్ ఫెయిత్ (తాము నమ్మేది ఏమిటో రాసిన పత్రం) మీద సంతకం పెట్టాలి. వీటిని కవనెంట్ స్కూళ్లు అంటారు. రెండో రకం ఏ మతం పిల్లలనైనా చేర్చుకుంటుంది, కాకపోతే క్లాసులూ చాపెల్ అందరికీ ఒకటే. మొదటి రకం అయితే మీకు దారి లేదు. తెలిసిన పాస్టర్ గారితో ఒక ఉత్తరం రాయించి తెస్తామని దయచేసి అనుకోకండి. పద్నాలుగేళ్ల పిల్ల ఆ అబద్ధం మోస్తూ నాలుగేళ్లు రోజూ ఆ గేటు దాటాలి. అలా చేసిన ఒక కుటుంబం నాకు తెలుసు, ఆ అబ్బాయి ఇంటికి స్నేహితులని పిలవడమే మానేశాడు, హాల్లో దేవుడి మందిరం కనిపిస్తుందని.

మీ అత్తగారి ప్రశ్నకి కూడా సూటిగానే చెప్తాను. ఎవరూ బలవంతంగా మార్చరు. కానీ అక్కడి టీచర్లు తాము నమ్మింది మనస్ఫూర్తిగా నమ్ముతారు, దాన్ని పిల్లలతో పంచుకోవడం ప్రేమ అనుకుంటారు. తన పేరు, తన ఇష్టాలు తెలిసిన పెద్దవాళ్లు, ఆదరంగా చూసేవాళ్లు రోజూ చెప్పే మాట గురించి ఆ వయసు పిల్ల ఆలోచిస్తుంది, ఆలోచించకపోతేనే ఆశ్చర్యం. ఒకరోజు డిన్నర్ దగ్గర "అమ్మా, మనం విగ్రహానికి ఎందుకు పూజ చేస్తాం, మా టీచర్ అలా చేయకూడదన్నారు" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి కోపం రాకుండా, భయపడకుండా కూర్చుని మాట్లాడగలిగితే చేర్పించవచ్చు. అలా మాట్లాడుతూ పెరిగిన పిల్లలు తమ సంగతి తాము గట్టిగా తెలుసుకుంటారు, అది కళ్లారా చూశాను. మాట్లాడలేం అనిపిస్తే మాత్రం వద్దు. (ఇది చదివే తెలుగు క్రైస్తవ కుటుంబాలకి కూడా ఒక మాట. మీది లూథరన్ గానీ ఆర్‌సీఎం గానీ అయితే బాప్తిస్మం లాంటి విషయాల్లో ఆ స్కూలు చెప్పేది మీ ఇంట్లో నేర్పిందానికి వేరుగా ఉండొచ్చు, కాబట్టి ఆ స్టేట్‌మెంట్ మీరూ చదవండి.)

ఇక మీ అసలు భయం, పిల్ల కనిపించకుండా పోవడం. అది నిజమైన భయమే, ఇలాంటి స్కూళ్లు నిజంగా బాగా చేసే పని కూడా అదే. మీ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు (అక్కడి పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) కావాలనే హైస్కూళ్లని సుమారు 2,100 మందికి మించకుండా చూసుకుంటుంది, అయినా నెమ్మది పిల్లకి అది సముద్రమే. చిన్న ప్రెప్ స్కూల్లో ఒక బ్యాచికి వంద మంది కూడా ఉండకపోవచ్చు. 9వ తరగతి మొదట్లోనే రిట్రీట్ అని రెండు మూడు రోజులు క్యాంపుకి తీసుకెళ్తారు, తిరిగి వచ్చేసరికి ఒకరి పేర్లు ఒకరికి తెలిసిపోతాయి. కొన్ని స్కూళ్లలో హౌస్ పద్ధతి ఉంటుంది, అన్ని క్లాసుల వాళ్లనీ కలిపి జట్లు చేస్తారు, 12వ తరగతి అమ్మాయి మీ పాపకి అక్కలా ఉంటుంది. వాలీబాల్ ఎప్పుడూ ఆడని పిల్లకి కూడా జట్టులో చోటు దొరుకుతుంది, ఎందుకంటే జట్టు నిండాలంటే అందరూ కావాలి. పబ్లిక్ స్కూల్లో ఆ జట్టులోకి రావాలంటే ఆరో తరగతి నుంచి క్లబ్బులకి డబ్బు కట్టి ఆడినవాళ్లతో పోటీ. ఆర్కెస్ట్రా, నాటకం, ఇయర్‌బుక్ అన్నీ ఇంతే. పోటీలు కూడా వేరు, పబ్లిక్ స్కూళ్లు యూఐఎల్ అనే సంస్థ కింద ఆడితే ఇలాంటి ప్రైవేట్ స్కూళ్లు ఎక్కువగా టాప్స్ అనే సంస్థ కింద ఆడతాయి. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, హోమ్‌కమింగ్ అనే స్కూలు వేడుకకి అమ్మాయిలు మెడలో వేసుకునే ఆ పెద్ద పెద్ద రిబ్బన్ల మమ్స్, ఈ టెక్సస్ సరదాలన్నీ అక్కడా ఉంటాయి. సెలవుల్లో మిషన్ ట్రిప్పులుంటాయి, ఇళ్లు కట్టడం, పిల్లలకి చదువు చెప్పడం లాంటి సేవ ఉంటుంది, దాంతో పాటు మత ప్రచారం కూడా ఉండొచ్చు, ఏ ట్రిప్పులో ఏం చేస్తారో ముందే అడగండి.

ఇంకోవైపు కూడా చూడాలి. పబ్లిక్ స్కూల్లో తెలుగు మాట్లాడే స్నేహితులు క్లాసుకి నలుగురైనా ఉంటారు, ఇక్కడ మొత్తం స్కూల్లో ఒకరిద్దరు ఉండొచ్చు. నెమ్మది పిల్లకి చిన్న క్లాసు వరం కావచ్చు, కానీ ఆ కొద్దిమందితో కుదరకపోతే వెళ్లడానికి వేరే గుంపు ఉండదు, మర్నాడూ ఆ కొద్దిమందే.

కాలేజీ సంగతికొద్దాం. నూటికి నూరు మందికీ సీట్లు అంటే ప్రతి ఒక్కరికీ కనీసం ఒక నాలుగేళ్ల కాలేజీలో సీటు వచ్చిందని అర్థం. ఈ దేశంలో అడిగిన చాలామందికి సీటిచ్చే కాలేజీలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఆ మాటకి పెద్దగా విలువ లేదు. గత నాలుగేళ్లలో పిల్లలు ఎక్కడ చేరారు, ఎంతమంది చేరారు, ఆ లెక్క అడగండి. పది మంది బేలర్ యూనివర్సిటీకి వెళ్లారా, ఇద్దరు టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వెళ్లారా అన్నది తెలియాలి. సీట్ల పట్టికలో పెద్ద యూనివర్సిటీ పేరు ఉంటే అది ఒక్క పిల్లకి ఒక్క ఏడాది వచ్చిందేమో కూడా అడగండి.

టెక్సస్‌లో ఉన్న మీకు దీనికంటే ముఖ్యమైనది క్లాస్ ర్యాంకు. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) టెక్సస్ హైస్కూళ్లలో పై ర్యాంకు పిల్లలకి నేరుగా అడ్మిషన్ ఇస్తుంది. ఇంతకుముందు అది టాప్ 6 శాతం, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి టాప్ 5 శాతం చేశారు. అదీ యూనివర్సిటీలో సీటుకే, కోరుకున్న మేజర్‌కి (ముఖ్య సబ్జెక్టుకి) గ్యారంటీ లేదు. 80 మంది బ్యాచిలో 5 శాతం అంటే నలుగురు. అది కూడా స్కూలు ర్యాంకు ఇస్తేనే, చాలా ప్రెప్ స్కూళ్లు పిల్లల మీద ఒత్తిడి పెంచడం ఇష్టం లేక ర్యాంకే ఇవ్వవు. ర్యాంకు లేకపోతే మీ పాప ఫైలు మిగతా వాళ్లతో కలిపి పూర్తిగా చదివి నిర్ణయిస్తారు. అప్పుడు స్కూలు పంపే ప్రొఫైల్, కౌన్సెలర్ ఉత్తరం చాలా పని చేస్తాయి. ప్రెప్ స్కూలు బలం ఇక్కడ ఉంది. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘమే చెప్తుంది, చాలా పబ్లిక్ స్కూళ్లలో అంతకంటే ఎక్కువే ఉంటారు. మంచి ప్రెప్ స్కూల్లో కాలేజీ పనులకే వేరే మనిషి ఉంటారు, మీ పిల్లని నాలుగేళ్లు చూసి రాస్తారు. మీ స్కూల్లో ఆ మనిషి ఎవరు, ఎంతమందిని చూస్తారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఆవిడతో లేదా ఆయనతో అరగంట కూర్చోకుండా నిర్ణయం తీసుకోకండి.

పాపకి డాక్టర్ అవ్వాలని ఉంది కాబట్టి బయాలజీ ఎలా చెప్తారో ప్రత్యేకంగా చూడాలి. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, దాని పరీక్షకి స్కోరు 5కి ఇస్తారు. ఏపీ బయాలజీ సిలబస్‌లో పరిణామ సిద్ధాంతం అడుగడుగునా ఉంటుంది. కొన్ని క్రిస్టియన్ స్కూళ్లు దాన్ని పూర్తిగా, చక్కగా చెప్తాయి, పక్కన తమ విశ్వాసం ఏమిటో కూడా చెప్తాయి. మరికొన్ని సృష్టివాదం పుస్తకాలతోనే నడిపిస్తాయి. ఇది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలో అలాంటి పుస్తకాలతో చెప్పిన కొన్ని కోర్సులని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లెక్కలోకి తీసుకోలేదు, క్రిస్టియన్ స్కూళ్ల సంఘం 2005లో కేసు వేసింది, 2008లో కోర్టు యూనివర్సిటీ వైపే తీర్పు చెప్పింది, 2010లో పై కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. కాబట్టి పుస్తకం పేరు అడగండి, ఏపీ బయాలజీ, ఏపీ కెమిస్ట్రీ ఉన్నాయా, గత ఏడాది ఎంతమంది రాశారు, 4, 5 స్కోర్లు ఎంతమందికి వచ్చాయి అని అడగండి. ఫ్రిస్కో పబ్లిక్ స్కూళ్లలో ఏపీలు, హెల్త్ సైన్స్ కోర్సులు బాగానే ఉన్నాయని మరిచిపోవద్దు.

డబ్బు దగ్గర నాకు మీ మీద బెంగగా ఉంది. 27 వేలు నాలుగేళ్లకి లక్షా 8 వేలు, ఏటా పెరిగేది, యూనిఫాం, ట్రిప్పులు, విరాళాలు కాకుండా. యూటీ ఆస్టిన్‌లో రాష్ట్రం పిల్లలకి ట్యూషన్ ఏడాదికి సుమారు 11 నుంచి 14 వేల డాలర్లు. అంటే హైస్కూలుకి పెట్టేది కాలేజీ నాలుగేళ్ల ట్యూషన్‌కి రెట్టింపు దాకా ఉంది, ఆ తర్వాత మెడికల్ స్కూలు ఉంది. పైగా పాప హెచ్4 (హెచ్1బి వాళ్ల కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నంత కాలం కాలేజీ ఖర్చుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు, 21 దాటితే హెచ్4 ఉండదు, మెడికల్ స్కూలుకి వెళ్లే వయసు సరిగ్గా అదే. 529 ఖాతా (పిల్లల చదువుకి పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) డబ్బు స్కూలు ఫీజుకి వాడుకోవచ్చు, ఏడాదికి 10 వేలు ఉన్న పరిమితిని 2026 నుంచి 20 వేలు చేశారు, కానీ ఆ ఖాతా ఖాళీ అయితే కాలేజీకి ఏం మిగులుతుంది? టెక్సస్ 2025 మేలో చేసిన చట్టం ప్రకారం 2026-27 నుంచి ప్రైవేట్ స్కూలు ఫీజుకి ఒక్కో పిల్లకి దాదాపు 10 వేల డాలర్లు ఇచ్చే పథకం ఉంది, అందులో వైకల్యం ఉన్న పిల్లలకి, తక్కువ ఆదాయం వాళ్లకి ముందు వరస. దాన్ని నమ్ముకుని సంతకం చేయకండి. కాలేజీ డబ్బు ముట్టుకోకుండా కట్టగలిగితేనే ముందుకెళ్లండి.

మీ అన్నయ్య గారి అబ్బాయి విషయం వేరు. ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా మీద పబ్లిక్ హైస్కూల్లో మొత్తం 12 నెలలకి మించి చదవకూడదు, అదీ పూర్తి ఖర్చు కట్టుకుని. ప్రైవేట్ స్కూలుకి ఆ పరిమితి లేదు, అందుకే విదేశీ పిల్లలు ఎక్కువగా ఇలాంటి స్కూళ్లకే వస్తారు. ఎఫ్1 పిల్లల్ని చేర్చుకునే అనుమతి ఆ స్కూలుకి ఉండాలి, వీసాకి కావాల్సిన ఐ20 పత్రం వాళ్లే ఇస్తారు. కానీ తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి అమ్మానాన్నల నుంచి విడదీసి, కొత్త దేశం, కొత్త మతం వాతావరణం, మీ ఇంట్లో ఇంకో బాధ్యత, ఇవన్నీ ఒకేసారి వద్దు. ఇంటర్ అక్కడే చేసి డిగ్రీకి రానివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. చాలా స్కూళ్లలో షాడో డే ఉంటుంది, పాప ఒకరోజంతా అక్కడి పిల్లతో కలిసి క్లాసులకి వెళ్తుంది. చాపెల్ ఉన్న రోజే కావాలని అడగండి. ఐఎస్ఈఈ లాంటి ఎంట్రన్స్ పరీక్ష కావాలంటే ఇప్పుడే తేదీ చూసుకోండి. స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తెప్పించుకుని మీరిద్దరూ, పాపా కలిసి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి, అత్తగారికి కూడా తెలుగులో చెప్పండి. ఎపిస్కోపల్ (ఇంగ్లండ్ ఆంగ్లికన్ చర్చి సంప్రదాయం), క్యాథలిక్ ప్రెప్ స్కూళ్లు కూడా ఒకటి రెండు చూడండి, వాటిలో వేరే మతాల పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు, మీ తెనాలి కాన్వెంటుకి అవే దగ్గర. షాడో డే అయ్యాక కారులో వెంటనే ఏమీ అడగకండి. రెండు రోజులు ఆగి, మధ్యాహ్నం అన్నం ఎవరితో తిన్నావు, చాపెల్లో కూర్చున్నప్పుడు ఎలా అనిపించింది అని అడగండి. ఆ జవాబు, ఫీజు కాగితం, కౌన్సెలర్ చెప్పిన లెక్కలు మూడూ పట్టుకుని నాకు మళ్లీ రాయండి, తప్పకుండా మాట్లాడదాం.